అమ్మకి గర్భసంచి తీసేయాలన్నారు: రెండో డాక్టరుకి చూపించాలా? ఏమేం పట్టుకెళ్లాలి?

ముమ్మిడివరం_కుర్రాడు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. మా అమ్మకి 44 ఏళ్లు. ఏడాదిగా నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులుంటోంది. మొదటి మూడు రోజులూ గడ్డలు గడ్డలుగా పోతోంది. అమలాపురంలో చూపిస్తే స్కాన్ తీసి, గర్భసంచి కాస్త పెద్దదిగా ఉంది, గోడలో 4 సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ (కండగడ్డ) ఒకటుంది, లోపలి పొర మందం 11 మిల్లీమీటర్లు, అండాశయాలు మామూలు అని రాశారు. హిమోగ్లోబిన్ 8.2. రక్తం ఆగడానికి నోరెథిస్టెరోన్ మాత్రలిచ్చారు, ఇప్పుడు ఆగింది, మాత్రలు ఇంకా వేసుకుంటోంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేయాలని, ఉంచితే ముందుముందు క్యాన్సర్ కావచ్చని, వచ్చే వారమే చేయించుకోమని చెప్పారు. బయాప్సీ ఏమీ చేయలేదు.

నాన్నగారూ పెద్దమ్మా "పిల్లలు పెద్దాళ్లయిపోయారు, ఇంకెందుకా సంచి, తీయించేస్తే గొడవ వదిలిపోద్ది" అంటున్నారు. నాకేమో ఇంకొకరికి చూపించాలని ఉంది. నిజంగా అవసరమా? ఎక్కడికెళ్లాలి, ఏ కాగితాలు కావాలి? మొదటి డాక్టరుగారికి చెప్పాలా? ఆలస్యమైతే ప్రమాదమా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గోదారిగట్టు_గైనిక్ (స్త్రీవైద్య నిపుణురాలు) జవాబు:

తప్పకుండా చూపించండి. మీరు రాసినదాన్ని బట్టి ఆపరేషన్ అక్కర్లేదని నేను చెప్పలేను, కావాలనీ చెప్పలేను. తేల్చాల్సిన పరీక్ష ఇంకా జరగలేదు. రెండో డాక్టరు కూడా మొదటి కాగితం చదివి తల ఊపేస్తే మీకు ఒరిగేదేమీ లేదు. మనిషిని మళ్లీ చూడాలి, స్కాన్ మళ్లీ తీయాలి, సంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి (బయాప్సీ) పంపాలి. అప్పుడే ఆ మాటకి విలువ.

ముందు ఆ 11 మిల్లీమీటర్ల సంగతి. నెలసరి ఇంకా వస్తున్న ఆడవాళ్లలో లోపలి పొర మందం రోజుని బట్టి మారుతుంది. బహిష్టు అయిపోగానే 4 దగ్గర ఉన్నది, మళ్లీ నెలసరి వచ్చేలోపు 14, 15 దాకా పెరగొచ్చు. ఏ రోజున తీసిన స్కానో తెలియకుండా ఆ అంకెని పట్టుకుని భయపడక్కర్లేదు. నెలసరి పూర్తిగా నిలిచిపోయినవాళ్లకి మళ్లీ రక్తం కనబడితే మాత్రం 4 దాటినా తేలిగ్గా తీసుకోం, అది వేరే లెక్క. ఈసారి స్కాన్ రక్తం ఆగగానే తీయించండి, పొట్టమీద నుంచి కాకుండా యోని మార్గంలో చేసేది.

ఫైబ్రాయిడ్ ఎంతుంది అన్నదానికంటే ఎక్కడుంది అన్నది ముఖ్యం. సంచి లోపలి ఖాళీలోకి పొడుచుకొచ్చినది 2 సెంటీమీటర్లే అయినా విపరీతంగా రక్తం పోగొడుతుంది. బయటివైపు పెరిగినది 6 ఉన్నా నెలసరి జోలికి రాకపోవచ్చు. అందుకని రిపోర్టులో ఫిగో నంబరు (ఫైబ్రాయిడ్ ఎక్కడుందో చెప్పే అంకె) రాయమని అడగండి, అది 0 నుంచి 8 దాకా ఉంటుంది. 0, 1, 2 అంటే లోపలి ఖాళీలోకి వచ్చినవి. వీటిని చాలావరకు కింది దారిలోనే హిస్టెరోస్కోపుతో (సంచి లోపలికి చూసే సన్నటి కెమెరా గొట్టం) తీసేయొచ్చు, పొట్ట కోయక్కర్లేదు. "సంచి కాస్త పెద్దది" అన్న చోట అడినోమయోసిస్ కూడా అయి ఉండొచ్చు. లోపలి పొర కండలోకి చొచ్చుకుపోయే జబ్బు అది. మామూలు స్కాన్‌లో దీన్ని ఫైబ్రాయిడ్ అని పొరబడటం తరచుగా జరుగుతుంది. స్కాన్ తీసే డాక్టరుకి అనుమానం మిగిలితే ఎమ్మారై తేలుస్తుంది. అందరికీ ఎమ్మారై అక్కర్లేదు.

ఇక క్యాన్సర్ మాట. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు, ఆ ఒక్క భయంతో సంచి తీయకూడదు. లోపలి పొరలో ఏమైనా ఉందా అన్నది మాత్రం చూసి తీరాలి, మీ అమ్మగారి వయసులో మరీను. ఓపీలోనే సన్నటి గొట్టంతో ఐదు నిమిషాల్లో ముక్క తీస్తారు, మామూలుగా మత్తు అక్కర్లేదు, నెలసరి నొప్పిలాంటిది కాసేపు ఉంటుంది. రిపోర్టులో మామూలు పొర అని వస్తే మందులతో మొదలుపెట్టొచ్చు. హైపర్‌ప్లాసియా (పొర అతిగా పెరగడం) ఉంది, అటిపియా (కణాల రూపం తేడాగా ఉండటం) లేదు అంటే ప్రొజెస్టిరోన్ చికిత్స చేసి ఆర్నెల్లకి మళ్లీ ముక్క చూస్తాం. అటిపియా ఉంది అంటే ఈ వయసులో గర్భసంచి తీయడమే సరైన పని. క్యాన్సరే అని వస్తే ఆపరేషన్ తీరే మారుతుంది, ఆ సర్జన్ వేరు, ఆ ఆసుపత్రి వేరు. ముక్క చూడకుండా మామూలుగా సంచి తీసేసి, తర్వాత ల్యాబు నుంచి క్యాన్సర్ అని రిపోర్టు వస్తే రెండోసారి పొట్ట తెరవాల్సి రావచ్చు. తొందరపడితే వచ్చే అసలు నష్టం ఇదే.

అండాశయాల విషయంలో గట్టిగా అడగండి. 44 ఏళ్లకి, స్కాన్‌లో మామూలుగా ఉన్న అండాశయాలని తీయడానికి ప్రత్యేకమైన కారణం కావాలి. కుటుంబంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఉంటే ఆ చర్చ వేరు. రెండూ తీసేస్తే మర్నాటి నుంచే ముట్లుడిగిన స్థితి వచ్చేస్తుంది. ఒళ్లు మంటలు, నిద్ర లేకపోవడం అప్పటికప్పుడు, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ఆ తర్వాత. 45 ఏళ్ల లోపు రెండూ తీసేస్తే, వేరే అడ్డంకి లేనివాళ్లకి హార్మోన్ మాత్రలు కొన్నేళ్లు ఇవ్వాల్సి ఉంటుంది. ఈ మాట ఆపరేషన్‌కి ముందు ఎవరూ చెప్పకపోవడం అన్యాయం. ఆపరేషన్ తప్పకపోతే అండనాళాలు తీసి అండాశయాలు ఉంచమని అడగొచ్చు.

హిమోగ్లోబిన్ 8.2 అంటే అత్యవసరం కాని ఏ ఆపరేషన్‌కైనా మంచి పరిస్థితి కాదు. ఎలాగూ రక్తం పెంచుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ వారాలనే రెండో అభిప్రాయానికి వాడుకోండి. ఐరన్ మాత్ర రోజుకొకటి, పరగడుపున, నిమ్మరసంతో. టీ, కాఫీ గంట ఎడంగా. మాత్ర పడకపోతే ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఇంజెక్షన్ సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు. థైరాయిడ్ కూడా చూపించండి, టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉన్నా ఇలాగే పోతుంది.

మందులతో ఆపడానికి రెండు దారులు ప్రధానం. ట్రానెగ్జామిక్ యాసిడ్ ఒక గ్రాము చొప్పున రోజుకి మూడుసార్లు, రక్తం పోయే మూడు నాలుగు రోజులే. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే వాడకూడదు. రెండోది లీవోనార్జెస్ట్రెల్ లూప్, అంటే సంచి లోపల పెట్టే హార్మోన్ లూప్, ఐదేళ్లు పైనే పనిచేస్తుంది. పెట్టాక మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. ఆ మాట ముందే చెప్పకపోతే రెండో నెలలోనే తీయించేసుకుంటారు. ఫైబ్రాయిడ్ లోపలి ఖాళీని వంకర చేస్తే ఈ లూప్ జారిపోవచ్చు, అందుకే ముందు స్కాన్ సరిగ్గా కావాలి. మరో నాలుగైదేళ్లలో ముట్లుడిగితే ఫైబ్రాయిడ్ దానంతటదే కుంచించుకుపోతుంది.

ఇవన్నీ చేసినా ఆగకపోతే, రక్తం మళ్లీ మళ్లీ పడిపోతుంటే, అమ్మగారే "నాకిది వద్దు" అని తేల్చుకుంటే ఆపరేషన్ మంచిదే. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదొకటి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టు 2023లో తీర్పిచ్చి, వీటిని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలని రాష్ట్రాలు అమలు చేయాలని చెప్పింది.

స్లైడు_బ్లాకు (పాథాలజీ ల్యాబు) జవాబు:

పై డాక్టరుగారు చెప్పిన ముక్క పరీక్ష దగ్గరే చాలా తప్పులు జరుగుతాయండి. కొన్ని క్లినిక్కుల్లో సీసా రోగి బంధువుల చేతికే ఇచ్చి ల్యాబులో ఇవ్వమంటారు. అందులో ఉన్నది 10 శాతం ఫార్మలిన్ (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవం) అయి ఉండాలి, ముక్క పరిమాణానికి కనీసం పదింతలు ద్రవం ఉండాలి. సెలైన్‌లో వేసిచ్చారనుకోండి, సాయంత్రానికే కణాలు చెడిపోవడం మొదలవుతుంది, ఇక దాన్ని ఏ ల్యాబూ చదవలేదు. టీబీ ఉందేమో చూసే కల్చర్, జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షలకి పంపే ముక్క మాత్రం సెలైన్‌లోనే వెళ్లాలి. రెండూ చేయించాలంటే రెండు సీసాలు. మూత గట్టిగా ఉందా, పేరూ వయసూ సీసా మీదే రాసి ఉన్నాయా చూడండి. మూత మీద రాస్తే మూతలు మారిపోతాయి.

మీ అమ్మగారు నోరెథిస్టెరోన్ వాడుతున్నారని రాశారు. పాథాలజీ ఫారంలో ఆ మాట తప్పక ఉండాలి, చివరి నెలసరి తేదీతో సహా. ఆ మాత్రలు లోపలి పొర రూపాన్నే మార్చేస్తాయి. గ్రంథులు కుంచించుకుపోయి, హైపర్‌ప్లాసియా ఉన్నా కనబడకుండా పోవచ్చు. ఫారంలో "ఎక్కువ రక్తస్రావం" అని రెండు ముక్కలు రాసి పంపితే చదివేవాళ్లకి చేతులు కట్టేసినట్టే.

రిపోర్టు మీద రెండో అభిప్రాయం కావాలంటే రిపోర్టు కాగితం పంపితే చాలదు. గాజు స్లైడులు, వీలైతే ముక్కని పొదిగి ఉంచిన మైనపు బ్లాకు కూడా కావాలి. ల్యాబుకి అర్జీ ఇచ్చి, సంతకం పెట్టి తీసుకోవచ్చు, మామూలు విషయమే, ఎవరూ ఏమీ అనుకోరు. తీసుకునేటప్పుడు స్లైడు మీద నంబరూ, బ్లాకు మీద నంబరూ, రిపోర్టు మీద నంబరూ ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. స్లైడులు ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి చుట్టూ దూది వేయండి. బ్లాకు మైనం 60 డిగ్రీల లోపే కరుగుతుంది, మన మే నెల ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే పాడైపోతుంది. చేతి సంచిలో మీ దగ్గరే ఉంచుకోండి. పని అయ్యాక బ్లాకు మొదటి ల్యాబుకి తిరిగి ఇచ్చేయండి, ముందుముందు మళ్లీ అవసరం పడొచ్చు.

కాగితాల_సంచి (ఆసుపత్రి సహాయ కేంద్రం) జవాబు:

మొదటి డాక్టరుగారికి చెప్పాలా అని అడిగారు. చెప్పండి, దాచక్కర్లేదు. "డాక్టరుగారూ, ఇంట్లోవాళ్లం ఇంకొకరికి కూడా చూపించి నిర్ణయం తీసుకుంటామండి, రిపోర్టుల కాపీలు ఇప్పించండి" అంటే చాలు. రెండో అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కని జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది. ఆసుపత్రిలో చేరి ఉన్నట్టయితే కేసు షీటు కాపీ కోసం రాతపూర్వకంగా అడగండి. రోగి గానీ, రోగి అధికారమిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. మందుల చీటీ కాపీ, స్కాన్ రిపోర్టు, స్కాన్ తీసిన తేదీ, రక్త పరీక్షలు, ఇప్పటిదాకా వాడిన మాత్రల అట్టలు, అన్నీ తేదీల వరుసలో ఒక ఫైలులో పెట్టండి. అసలు కాగితాలు మీ దగ్గరుంచుకుని జిరాక్సులు ఇవ్వండి. అల్ట్రాసౌండ్ ఫొటోలని చూసి ఇంకో డాక్టరు పెద్దగా చెప్పలేరు, అది తీసేవాళ్ల చేతిలో ఉంటుంది, మళ్లీ తీయించాల్సిందే. సీటీ, ఎమ్మారై, యాంజియోగ్రామ్ అయితే సీడీ అడగండి, ఫిల్ము సరిపోదు.

అమ్మగారి నెలసరి తేదీలు, ఎన్నిరోజులు, రోజుకి ఎన్ని ప్యాడ్లు, రూపాయి బిళ్లకంటే పెద్ద గడ్డలు పడ్డాయా, గత మూడు నెలలవి ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. ఆ కాగితం చూస్తే రెండో డాక్టరుగారికి చాలా తెలుస్తుంది.

ఎక్కడికి అంటే, మొదటి ఆసుపత్రికి సంబంధం లేని చోటికి. మీకు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి అందుబాటులో ఉంటుంది. యానాం మీదుగా బస్సులున్నాయి. రంగరాయ వైద్య కళాశాలకి అనుబంధం కాబట్టి గైనిక్, రేడియాలజీ, పాథాలజీ మూడూ ఒక్కచోటే ఉంటాయి. ఉదయమే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. రాజమండ్రిలో కూడా 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వస్తేనే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లండి, అది టాటా మెమోరియల్ వాళ్లది.

ఇంకొకటి. ఎన్టీఆర్ వైద్యసేవలో (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) అనుమతి వచ్చింది కదా, కాబట్టి ఆపరేషన్ అవసరమే అని చాలామంది అనుకుంటారు. పంపిన కాగితాలు ఆ ప్యాకేజీకి సరిపోతున్నాయా అని అక్కడ చూస్తారు, అంతే. మీ అమ్మగారిని ఎవరూ పరీక్షించినట్టు కాదు. ఇప్పటికే అక్కడ కేసు నమోదు చేసి ఉంటే, మేము ఇక్కడ చేయించుకోవడం లేదని వైద్యమిత్రకి (ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే మనిషి) చెప్పి రాయించుకోండి.

ముమ్మిడివరం_కుర్రాడు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండి. రెండు అనుమానాలు. మా ఊరి ఆరెంపీ గారు "కాకినాడ ఎందుకు, రాజమండ్రిలో నాకు తెలిసిన ఆసుపత్రి ఉంది, నేనే తీసుకెళ్తాను" అంటున్నారు. వెళ్లొచ్చా? ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే ఎవరి మాట వినాలి?

కాగితాల_సంచి:

ఆరెంపీ గారు మంచివారే అయి ఉండొచ్చు, రాత్రిపూట జ్వరమొస్తే మనకి దిక్కు వాళ్లే. కానీ పంపిన మనిషికి ఆసుపత్రి నుంచి వాటా ముట్టే అలవాటు చాలాచోట్ల ఉంది, ఆ ఖర్చు చివరికి మీ బిల్లులోకే వస్తుంది. ఈ ఒక్కసారికి మీరే వెళ్లండి. ఆపరేషన్ చేసినా చేయకపోయినా లాభనష్టాలు లేని డాక్టరు మాట వినాలి.

గోదారిగట్టు_గైనిక్:

ఇద్దరూ తేడాగా చెబితే తేడా ఎక్కడుందో చూడండి. జబ్బు ఏమిటన్న దగ్గరే తేడా ఉంటే, అంటే ఒకరు ఫైబ్రాయిడ్ అని, ఇంకొకరు అడినోమయోసిస్ అని అంటే, మూడో డాక్టరు కంటే ఎమ్మారై మంచిది. జబ్బు ఒకటే, చికిత్సలో తేడా అంటే అది అమ్మగారి ఇష్టం మీద ఆధారపడిన విషయం. లూప్‌తో నాలుగేళ్లు నెట్టుకురాగలరా, ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు బరువులెత్తకుండా ఇంట్లో కుదురుతుందా, ఇవి ఆవిడ చెప్పాలి. సంప్రదింపుల గదిలో మీ నాన్నగారూ మీరూ మాట్లాడి ఆవిడని బయట కూర్చోబెట్టకండి. రెండో డాక్టరుగారికి వెళ్లగానే "ఫలానావారు తీసేయమన్నారు" అని మొదలుపెట్టకండి కూడా. ముందు బాధ చెప్పనివ్వండి, పరీక్ష చేయనివ్వండి, తర్వాత ఫైలు ఇవ్వండి. లేకపోతే పాత మాట చుట్టూనే ఆలోచన తిరుగుతుంది. ఇద్దరినీ ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: "ఇప్పుడు చేయించుకోకపోతే రాబోయే ఆరు నెలల్లో ఏమవుతుంది?"

గుండె_వార్డు జవాబు:

ఈ చర్చ చదివి అన్ని జబ్బులకీ ఇలాగే తిరగాలని ఎవరూ అనుకోకూడదు. ఛాతీలో నొప్పితో ఈసీజీలో గుండెపోటు తేలితే అక్కడికక్కడే చికిత్స మొదలవ్వాలి, ప్రతి నిమిషానికీ కండరం చచ్చిపోతుంటుంది. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. గర్భం గొట్టంలో నిలిచి పగలడం, పేగు మెలిపడటం, మగపిల్లల్లో వృషణం మెలితిరగడం, ఇవేవీ ఆగవు. గుండెపోటు కాకుండా, నడిస్తే ఆయాసమో నొప్పో వచ్చి మందులతో నిలకడగా ఉన్నవాళ్లకి యాంజియోగ్రామ్‌లో పూడిక కనబడితే మాత్రం టేబుల్ మీదే సంతకం పెట్టక్కర్లేదు, సీడీ తీసుకుని ఇంకొకరికి చూపించే సమయం ఉంటుంది. అలా నిలకడగా ఉన్నవాళ్లలో చాలామందికి మంచి మందులతో పోలిస్తే స్టెంట్ వల్ల ఆయుష్షు పెరగదని 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా అనే పెద్ద పరిశోధనలు చూపించాయి. నొప్పి తగ్గడానికి పనికొస్తుంది. గుండెకి వెళ్లే ఎడమ ప్రధాన నాళంలో పూడిక ఉంటే ఈ మాట వర్తించదు.

ముమ్మిడివరం_కుర్రాడు:

సోమవారం కాకినాడ వెళ్తున్నామండి. అమ్మ ఆ నోరెథిస్టెరోన్ మాత్రలు ఇంకా వేసుకుంటోంది. ఆపేసి వెళ్లాలా?

గోదారిగట్టు_గైనిక్:

మీ అంతట మీరు ఆపొద్దు. ఆపిన రెండు మూడు రోజుల్లో మళ్లీ రక్తం వస్తుంది, ఒక్కోసారి ఎక్కువగానే. హిమోగ్లోబిన్ 8.2తో దారిలో అలా అయితే కష్టం. అట్ట పట్టుకెళ్లి, ఏ తేదీ నుంచి ఎన్ని మాత్రలో చెప్పండి. ముక్క ఇప్పుడే తీయాలా, మాత్రలు ఆపి ఆ రక్తం అయ్యాక తీయాలా అన్నది అక్కడి డాక్టరుగారు నిర్ణయిస్తారు. మధ్యలో ఎప్పుడైనా గంటకొక ప్యాడ్ చొప్పున రెండు గంటలు వరసగా తడిసిపోతే, కళ్లు తిరిగితే, నిలబడలేకపోతే సోమవారం దాకా ఆగకండి. 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి, ఆపరేషన్ చెప్పిన ఆ మొదటి ఆసుపత్రి అయినా సరే.